కడప బండ అరుగు: ఇంట్లో నిదానంగా ఆలోచించుకునే చోటు, కొన్నేళ్ళ వాడకం తరువాత

కడపలోని మా ఇంటి తూర్పు వసారాలో 2020లో కట్టించుకున్న బండ అరుగును అప్పటినుంచి నేను ఒక్క పనికే వాడుతున్నాను. తెల్లవారుజామున దాని మీద కూర్చుని, గడిచిన రోజులో ఎవరితో ఏం మాట్లాడానో, ఏది తేల్చకుండా వదిలేశానో, ఈ రోజు నా నుంచి ఎవరికి ఏం అందాలో నెమరువేసుకుంటాను. ఇది అరుగు గురించిన సమీక్షే అయినా, దాని చుట్టూ ఇంట్లో వాళ్ళం కుదుర్చుకున్న కట్టుబాటును పక్కనపెట్టి రాయడం కుదరదు, ఎందుకంటే ఆ కట్టుబాటు లేకపోతే అది ఉతికిన బట్టలు పెట్టుకునే బల్ల అయ్యేది.

అరుగు పొడవు నాలుగున్నర అడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు అడుగున్నర. కింద రెండు చివర్లా, మధ్యలో ఒకచోటా ఇటుక దిమ్మెలు కట్టించాము. పొడవాటి బండకు మధ్యలో ఆధారం లేకపోతే బరువు పడినప్పుడు విరిగే ప్రమాదం ఉంటుంది. అంచులను గుండ్రంగా అరగదీయించడం చాలా అవసరం, లేకపోతే మోకాళ్ళ వెనక కోసుకుపోతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే ఈ నల్లని బండ సున్నపురాయి జాతిది కాబట్టి పులుపు పడితే తట్టుకోలేదు. నిమ్మరసమో చింతపండు పులుసో చిందితే, వెంటనే తుడిచినా అక్కడ మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. అందువల్ల దాని మీదికి గిన్నె గానీ గ్లాసు గానీ రాకూడదని మొదట్లోనే నిర్ణయించుకున్నాము. రాయిని కాపాడడానికి పెట్టుకున్న ఆ నియమం వల్ల అది భోజనాలకూ పలహారాలకూ చోటు కాకుండా మిగిలింది. మా బోరు నీళ్ళతో తుడిచి అలాగే ఆరనిస్తే ఉప్పు చారలు పడతాయి. పొడిగుడ్డతో ఒత్తి, అప్పుడప్పుడు కొంచెం కొబ్బరినూనె రాస్తే నలుపు తిరిగి వస్తుంది.

కాలాన్ని బట్టి వాడకం మారుతుంది. మే నెలలో కడప ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, పగలంతా వేడిని పీల్చుకున్న రాయి రాత్రి చాలాసేపటివరకు దాన్ని వదలదు. అదే తెల్లవారుజామున హాయిగా చల్లగా ఉంటుంది. పడమటి గోడకు ఆనించి కట్టించి ఉంటే వేసవిలో సాయంత్రాలు కూర్చోవడం అసాధ్యమయ్యేదని నా అభిప్రాయం. డిసెంబరు, జనవరి నెలల్లో నాలుగు మడతల జంపఖానా లేకుండా కూర్చుంటే నడుము పట్టేస్తుంది. కీళ్ళ నొప్పులున్న వాళ్ళు ఏ కాలంలోనైనా పరుపు వంటిది వేసుకోవాలి.

పూజగది ఉండగా వేరే చోటెందుకని చాలామంది అడిగారు. పూజగదిలో చేయవలసిన పనులు ఎప్పుడూ ఉంటాయి: కుందులు తోమాలి, వాడిన పూలు తీయాలి, ఒత్తి సరిచేయాలి. అక్కడ మనిషి దేవుడికి ఏదో ఒకటి సమర్పిస్తూ ఉంటాడు, అది దాని ధర్మం. తన నిన్నటి మాటను తాను తూకం వేసుకోవడానికి చేతులు ఖాళీగా ఉండే చోటు కావాలి. పడకగది కూడా సరిపడదు, అక్కడ కూర్చుంటే ఆలోచనకంటే ముందు నిద్ర వస్తుంది. మిద్దె మీద బాగుంటుందిగానీ వానకూ ఎండకూ ఆగిపోయే అలవాటు అలవాటుగా నిలవదు. వసారాలో అయితే ఇల్లు కనబడుతూ, వినబడుతూ ఉంటుంది, అయినా అక్కడ నన్ను పిలిచే పని ఏదీ ఉండదు. ఈ మధ్యస్థితి నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది.

ఇక కట్టుబాటు సంగతి. దగ్గరలోని మసీదు నుంచి తెల్లవారుజాము అజాన్ వినిపించాక నేను అరుగెక్కుతాను. అలారం అక్కర లేదు, ఫోను లోపలి గదిలోనే ఉంటుంది. ఇరవై నిమిషాల వరకు ఎవరూ పలకరించరు. మొదట్లో పిల్లలకు ఇది కష్టమైంది, దాన్ని నిలబెట్టింది మా అత్తమ్మ. పాప బడి సంచి కోసం వసారాలోకి పరుగెత్తుకొచ్చినప్పుడు ఆమె రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్తూ, "మీ యమ్మ అరుగు మీద కూచోనుండాది, లేసినాక అడుగుదువులే" అన్నది. గుమ్మం దగ్గరే సంచి వెతికిచ్చింది. ఇంటి పెద్ద ఒకరు ఆ సమయాన్ని పనిగా గుర్తించడం వల్ల మిగిలినవాళ్ళు కూడా గుర్తించారు. ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టాక ఆమె కూడా అదే అరుగు మీద కాసేపు కూర్చుంటుంది, అప్పుడు పిల్లలు వసారాలోకి వెళ్ళకుండా చూసే బాధ్యత నాది.

విపశ్యన ధ్యానం నేర్పే పది రోజుల శిబిరాల్లో మౌనం పాటించి, ఇంటికి వెళ్ళాక పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమంటారు. పిల్లల క్యారియర్లు సర్ది ఆఫీసుకు వెళ్ళే ఇంట్లో ఆ నియమం నిలబెట్టడం నాకు సాధ్యపడలేదు, అందుకే ఇరవై నిమిషాలకు కుదించుకున్నాను. నాకు ఎక్కువ నచ్చిన నమూనా మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో ఉంది. జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన ఆ పాఠశాలలో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూస్తారు, దాన్ని అస్తాచల్ అంటారు. రోజూ జరిగే ఒక సహజమైన ఘటనకు మౌనాన్ని ముడిపెట్టడంలో ఉన్న తెలివి నా అనుభవంలో నిజమైంది: గడియారం చూసుకుని మొదలుపెట్టిన రోజుల కంటే అజాన్ వినబడగానే లేచిన రోజుల్లో మనసు తొందరగా కుదురుకుంది.

ఫలితం ఎలా ఉంటుందో ఒక సందర్భం చెబుతాను. ఊళ్ళో పొలం పంపకం గురించి మా తమ్ముడి నుంచి ఒక రాత్రి కటువైన సందేశం వచ్చింది. జవాబు రాయడం మరుసటి రోజుకు వాయిదా వేశాను. అరుగు మీద కూర్చుని ఆ సందేశాన్ని విడదీసి చూస్తే, అందులో పొలం గురించి ఉన్నది ఒక్క వాక్యమే, మిగతాదంతా అమ్మను ఒంటరిగా చూసుకుంటున్న అలసట. పక్కన ఉంచుకునే పాత డైరీలో రెండు ముక్కలు రాసుకుని, పొలం మాట ఎత్తకుండా అమ్మ మందుల సంగతి అడుగుతూ వాడికి ఫోన్ చేశాను. పంపకం ఇంకా తేలలేదు, మాటలు మాత్రం ఆగిపోలేదు.

లోపాలూ ఉన్నాయి. ఒకసారి కట్టించాక అరుగును జరపలేము. వసారా ఇరుకైన ఇళ్ళలో అది దారికి అడ్డమవుతుంది. బండ అమ్మినవారు ఒక మూల సన్నని పగులును లప్పంతో పూడ్చి ఇచ్చారు, ఏడాది తిరగకముందే అక్కడ పెచ్చు లేచింది. కొనేటప్పుడు బండను తడిపి చూడాలి, పూడ్చిన చోటు వేరే రంగులో బయటపడుతుంది. ఇంట్లో జబ్బుపడినవాళ్ళు ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు కూడా దొరకవు, ఆ కాలానికి అరుగు ఏ సాయమూ చేయలేదు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు ఈ ఖర్చు నేను సిఫారసు చేయను. వెడల్పైన చెక్కపీట ఒకటి తీసుకుని, దాన్ని వంటకూ పూజకూ ఇవ్వకుండా, కిటికీ దగ్గర ఒకేచోట ఉంచితే చాలు. అయితే ఆ సమయంలో పిల్లలను, ఫోనును చూసుకునే మనిషి ఎవరో పీట కొనకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.