మనాలి–లేహ్‌కి స్టీలు సైకిల్, చిన్న గేర్లు: కొన్నేళ్లు తొక్కాక నా సమీక్ష

సామాను వేసుకుని రోజుల తరబడి కొండలెక్కాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "మీ సైకిల్ బరువెంత?" అని. నన్నడిగితే ముందు కనుక్కోవాల్సింది దానిలో అన్నిటికన్నా చిన్న గేరు ఎంత అని. కొన్నేళ్లుగా ఒకే సైకిల్‌ని అరకు ఘాట్‌లో, శ్రీశైలం అడవి దారిలో, తర్వాత హిమాలయాల్లో మనాలి నుంచి లడఖ్‌లోని లేహ్ దాకా పోయే రోడ్డు మీద బ్యాగులతో తొక్కాను. ఆ సైకిల్ గురించి, దానికి తగిలించిన సరంజామా గురించి, ఇంటి దగ్గర చేసుకున్న తయారీ గురించి ఇక్కడ రాస్తున్నాను.

సైకిల్ చాలా మామూలుది. క్రోమోలీ స్టీలు ఫ్రేమ్, 26 అంగుళాల చక్రాలు, ముందు పెడల్ దగ్గర 44, 32, 22 పళ్ల మూడు చైన్‌రింగులున్న షిమానో డియోర్ క్రాంక్, వెనక చక్రానికి 11 నుంచి 34 పళ్ల దాకా తొమ్మిది పళ్ల చక్రాలున్న కేసెట్ (తొమ్మిది స్పీడ్), కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు. సామాను లేకుండానే 15 కిలోలు తూగుతుంది. షాపులో చూపిస్తే "ఇదేంటి సార్, ఇంకా మూడు చైన్‌రింగులా?" అంటారు. ముందు ఒకే చైన్‌రింగ్, వెనక 51 పళ్ల దాకా ఉండే పన్నెండు స్పీడ్ కేసెట్ పెట్టుకున్నా ఇంత చిన్న గేరు వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పన్నెండు స్పీడ్ సరుకు ఖరీదు, హ్యాంగర్ (వెనక గేరు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) కాస్త వంగినా గేరు సరిగా పడదు, దారిలో చైన్ తెగితే అదే కొలత చైన్ చిన్న ఊళ్లలో దొరకదు. తొమ్మిది స్పీడ్ చైన్ దొరికే అవకాశం చాలా ఎక్కువ. అందుకే నేను దీన్ని వదల్లేదు.

లెక్క చూడండి. ముందు 22, వెనక 34 పళ్ల మీద పెడల్ ఒక చుట్టు తిరిగితే ఈ సైకిల్ సుమారు 1.3 మీటర్లు వెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్ల లోపే. నడకతో సమానం. రోడ్ బైకుల్లో తరచుగా ఉండే ముందు 34, వెనక 28 పళ్ల జోడీతో అదే చుట్టుకి రెండున్నర మీటర్లు, అంటే అదే 60 చుట్లు నిలవాలంటే గంటకు 9 కిలోమీటర్లు పైనే పోవాలి. మన దగ్గర అమ్మే చాలా హైబ్రిడ్లలో ముందు 28, వెనక 28 ఉంటాయి. వాటికీ ఏడున్నర దాకా కావాలి. వెనక పన్నెండు కిలోల బ్యాగులు పెట్టుకుని 4,500 మీటర్ల ఎత్తులో అంత వేగం గంటల తరబడి సాగదు. చుట్లు 35కి పడిపోతాయి, ప్రతి తోపుకీ మోకాలిచిప్ప మీద బరువు పడుతుంది. మొదటి రోజు తొడలు నొప్పెడతాయి, అది రాత్రికి తగ్గుతుంది. మూడో రోజు పట్టుకున్న మోకాళ్లు మాత్రం టూర్ అయ్యేదాకా వదలవు.

మనాలి–లేహ్ దారిలో సర్చూ దాటాక వచ్చే గాటా లూప్స్ అనే మలుపుల ఎక్కుడులో ఇది బాగా తెలిసొస్తుంది. మొత్తం 21 మలుపులు. నిజానికి వాలు మరీ ఎక్కువేం కాదు, అరకు ఘాట్‌లోనే అంతకన్నా నిటారు ముక్కలున్నాయి. అక్కడ లేనిది గాలి. 22 పళ్ల రింగులోకి వేసుకుని, ఒక చుట్టుకి శ్వాస లోపలికి, ఇంకో చుట్టుకి బయటికి అని లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. పక్కనుంచి ఆయిల్ ట్యాంకర్లు మూలుగుతూ పోతుంటాయి, దుమ్ము అణిగేదాకా మెడకున్న గుడ్డ ముక్కు మీదికి లాక్కోవడం, మళ్లీ లెక్క మొదలెట్టడం. ఆగాలనిపించిన చోట ఆగాను కానీ, దిగి తోయాల్సిన అవసరం రాలేదు. నాకంటే చిన్నవాళ్లు, నాకంటే బలమైనవాళ్లు మంచి తేలిక బైకులు తోసుకుంటూ నడవడం అదే మలుపుల్లో చూశాను. తేడా అంతా గేరులోనే ఉంది.

ఇక తయారీ. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి పెద్ద లోటు పొడవాటి ఎక్కుడు లేకపోవడం. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఆగకుండా గంటల కొద్దీ తొక్కడం అలవాటు చేసుకోవడానికి చాలా బాగుంటుంది, ఎండ కూడా తగలదు. కొండ మాత్రం అక్కడ నేర్చుకోలేం. వికారాబాద్ అనంతగిరి దగ్గరే ఉంది కానీ ఎక్కుడు చిన్నది, పైకీ కిందికీ పదేపదే తిరగాలి. నాకు బాగా పనికొచ్చింది శ్రీశైలం దారి. మన్ననూరు దాటాక నల్లమలలో ఎత్తుపల్లాలు, ఈగలపెంట తర్వాత డ్యామ్ దగ్గరికి దిగుడు, అవతల సున్నిపెంట వైపు ఎక్కుడు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి దారి మూసేస్తారు కాబట్టి టైము చూసుకుని బయల్దేరాలి. విశాఖ వాళ్ల అదృష్టం వేరు. శృంగవరపుకోట దాటాక టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ అంటూ ఒకటే ఎక్కుడు. మన రెండు రాష్ట్రాల్లో బ్యాగులతో కొండ తొక్కడం నేర్చుకోవడానికి దీన్ని మించిన రోడ్డు నాకైతే కనిపించలేదు.

ప్రాక్టీసులో నేను పాటించినవి కొద్దివే. టూర్‌లో మోసే బరువంతా అప్పుడే బ్యాగుల్లో పెట్టుకోవడం, శని ఆదివారాలు వరసగా తొక్కడం, ఎక్కుడు మొదలుకాగానే చిన్న గేరులోకి వచ్చి పక్కవాడితో మాట్లాడగలిగే ఆయాసం దాటకుండా రెండు మూడు గంటలు అలాగే ఉండటం. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చున్న మొదటి పది నిమిషాల్లో అన్నీ బయటపడతాయి. సీటు ఎత్తు ఎంత తేడాగా ఉందో, ప్యాడ్ ఉన్న నిక్కరు ఎక్కడ ఒరుసుకుంటుందో, చెయ్యి ఎందుకు తిమ్మిరెక్కుతుందో అన్నీ. వారానికొకసారి వంద కిలోమీటర్లు తొక్కేవాళ్లకి ఆ రెండో పొద్దు గురించి ఏమీ తెలియదు.

ఎత్తుకి మాత్రం ఇక్కడ ఎంత ప్రాక్టీసు చేసినా లాభం లేదు. అరకు మీద నుంచి వెళ్లినా, ముంబై నుంచి వెళ్లినా ఒళ్లు అక్కడే అలవాటు పడాలి. బలంగా ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాళ్లు ఒక్క రోజులో ఎక్కువ ఎత్తుకి పోగలరు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటి ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదని పర్వత వైద్యం చెప్పేవాళ్లంటారు. మనాలి 2,050 మీటర్లు, రోహ్‌తాంగ్ కనుమ 3,978. బండ్లు చాలావరకు 2020లో తెరిచిన అటల్ టన్నెల్ గుండా పోతున్నాయి కాబట్టి పాత రోహ్‌తాంగ్ రోడ్డు సైకిల్‌కి బాగా కలిసొచ్చింది. మఢీలో ఒక రాత్రి ఉండి, కనుమ దాటి సిస్సు వైపు దిగిపోతే నిద్ర కింద పడుతుంది, ఒంటికి మంచిది. జిస్పాలో ఒక రోజు ఊరికే కూర్చోవాలి. భాగా నది పక్కన బట్టలు ఉతుక్కుని, చైన్ తుడుచుకుని, తిని పడుకోవాలి. ఈ రోడ్డు మీద మనం చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఆ ఖాళీ రోజే.

చాలామంది జిస్పా నుంచి బారాలాచా లా కనుమ దాటి నేరుగా సర్చూ చేరతారు. జిస్పా 3,200 మీటర్ల పైచిలుకు, సర్చూ 4,290. ఒక్క రాత్రిలో వెయ్యి మీటర్లు. సర్చూ టెంట్లలో తలపోటుతో, వాంతులతో తెల్లవార్లూ కూర్చున్నవాళ్లని చూశాను. పత్సియో దగ్గర, 3,800 మీటర్ల చోట, మధ్యలో ఒక రాత్రి ఆగితే ఆ బాధ చాలా తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. జింగ్‌జింగ్‌బార్ వైపు రోడ్డు మీదికి పారే వాగులు మధ్యాహ్నానికి మంచు కరిగి ఉబ్బుతాయి, పొద్దున్నే అయితే పాదం తడిచేంతే ఉంటాయి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వేసుకునే డయామాక్స్ మాత్ర విషయం ఇంటి దగ్గరే డాక్టర్‌తో మాట్లాడుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లయితే తప్పనిసరిగా. నాకు వేళ్లు జుమ్మని తిమ్మిరెక్కడం, మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి రావడం తప్ప ఇబ్బంది కాలేదు. తలపోటు ఉన్నంతసేపూ ఇంకా పైకి ఎక్కకండి. తూలుతున్నా, ఊరికే కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా బండి మాట్లాడుకుని కిందికి దిగిపోవాలి. ఇందులో రెండో ఆలోచన లేదు.

వస్తువుల్లో నా టెన్షన్ అంతా క్యారియర్‌దే. మొదట్లో ఒక తేలిక అల్యూమినియం క్యారియర్ కొన్నాను. గాటా లూప్స్ దాటాక వచ్చే విస్కీ నాలా దగ్గర గతుకుల్లో దాని కాలు ఒకటి బోల్టు దగ్గర విరిగింది. ధాబాలో అడిగితే ఒకాయన ఇనుప తీగ తెచ్చి, కట్టింగ్ ప్లేయరుతో బిగించి మెలేశాడు, పైన నేను జిప్ టైలు వేశాను. లేహ్ దాకా అది ఆగింది. తర్వాత నుంచి గొట్టపు స్టీలు క్యారియర్ వాడుతున్నాను. అర కిలో ఎక్కువ, కానీ విరిగితే లారీలు బాగుచేసే ఏ వెల్డింగ్ షాపువాడైనా అతికిస్తాడు. బోల్టులకి లాక్‌టైట్ (వదులవకుండా పట్టే జిగురు) వేసినా రోజూ పొద్దున టీ తాగేలోపు ఎల్ కీతో ఒక్కొక్కటి తిప్పి చూస్తాను. గతుకుల రోడ్డు తర్వాత ఒకటో రెండో తప్పకుండా వదులవుతాయి.

బ్రేకుల సంగతీ అంతే. హైడ్రాలిక్ బ్రేకు పట్టు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆయిల్ కారితే అక్కడ చేసేదేమీ ఉండదు. కేబుల్ బ్రేకుకి ఒక తీగ, రెండు జతల ప్యాడ్లు చాలు. ప్యాడ్లు మెటల్‌వి తీసుకోండి. రెసిన్ రకం రోహ్‌తాంగ్ బురదలో చూస్తుండగానే అరిగిపోతుంది. తంగ్లంగ్ లా కనుమ 5,328 మీటర్ల నుంచి రుమ్‌సే వైపు వెయ్యి మీటర్లకు పైగా దిగుడు. పొడుగూతా బ్రేకు పట్టుకుని కూర్చోకుండా, మలుపుకి ముందు గట్టిగా వేసి వదిలేయాలి, డిస్కు చల్లారనివ్వాలి. చేతి తొడుగులు ఎక్కేటప్పటి కన్నా అప్పుడే కావాలి. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఎంత మంచిదైనా ఏం లాభం?

టైర్లు ష్వాల్బే మారథాన్. బరువే, కానీ పంచర్ల విషయంలో పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేశాయి. వీటికి నేను పూర్తి మార్కులేస్తాను.

టెంటు, పొయ్యి మోసుకెళ్లకండి, ఇది నా అభిప్రాయం. సీజన్‌లో భరత్‌పూర్, సర్చూ, పాంగ్, డెబ్రింగ్‌లలో ధాబా టెంట్లు ఉంటాయి, మంచం, బొంత ఇస్తారు. అయిదారు కిలోలు మిగులుతాయి. ఆ బరువులో కొంత తిండికి ఇచ్చాను. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, చప్పటి తిండి గొంతు దిగదు. పాంగ్ 4,600 మీటర్లు, అక్కడ నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే అన్నం కుక్కర్లోనే వండుతారు. ఆ వేడి అన్నంలో ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, పక్కన రాజ్మా. ధాబా నడిపే ఆవిడకి చిటికెడు ఇస్తే నాలుక మీద వేసుకుని, ఇంకొంచెం ఇమ్మని చెయ్యి చాపింది. దారిలో జేబులోకి పల్లీ చిక్కీ. చాక్లెట్‌లా ఎండకి కరగదు, ఖరీదైన జెల్ ప్యాకెట్ల కన్నా నాకు బాగా పనిచేసింది.

పాంగ్ దాటి కాస్త ఎక్కగానే మోరే మైదానం, దాదాపు 40 కిలోమీటర్లు చదును. తేలికని ఆలస్యంగా లేవకండి. మధ్యాహ్నం గాలి లేస్తే చదునులో కూడా 22 పళ్ల రింగే దిక్కవుతుంది. కీలాంగ్‌లోనే డబ్బు తీసుకోండి, తర్వాత ధాబాల్లో నోట్లే నడుస్తాయి. లడఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అదీ ఊళ్ల దగ్గరే. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పకపోతే పాపం కంగారుపడతారు.

వెనక జీపు, అందులో సామాను, మెకానిక్ ఉండే గ్రూపుతో వెళ్లేవాళ్లకి ఈ సైకిల్ అక్కర్లేదు. మామూలు ఎంటీబీ (మౌంటెన్ బైకు) హాయిగా సరిపోతుంది. సొంత సామాను సొంతంగా మోసుకెళ్లేవాళ్లు కొత్త బైకు కొనేముందు ఉన్నదానికే చిన్న చైన్‌రింగు, పెద్ద కేసెట్ పడతాయేమో మంచి మెకానిక్‌ని అడగండి. ఖర్చు కొత్త సైకిల్‌లో చిన్న వంతే. రోడ్డు మామూలుగా జూన్ నుంచి అక్టోబరు మొదటి దాకా తెరిచి ఉంటుంది. మొత్తానికి 8 నుంచి 10 రోజులు పెట్టుకుంటారు, నేనైతే ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచుకోమంటాను. స్పేర్లలో డిరైలర్ హ్యాంగర్ మాత్రం మీ ఫ్రేముకి సరిపడేదే ఇంటి దగ్గర కొనుక్కోండి, ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం ఉంటుంది, మనాలి వెళ్లాక దొరుకుతుందని నమ్ముకోవద్దు.