మీల్ షేక్ పొడి: ఏ తిండితో పోలిస్తే మంచిది?

రెండేళ్లకు పైగా పొద్దున టిఫిన్ బదులు మీల్ షేక్, అంటే పాలల్లో పొడి కలిపిన గ్లాసు, తాగాను. మధ్యలో కొన్ని నెలలు రాత్రి భోజనం బదులు కూడా అదే. మూడు బ్రాండ్లు మార్చాను. మొదటిది మా వీధిలో వెల్‌నెస్ సెంటర్ నడిపే అమ్మాయి అమ్మింది, రెండోది మెడికల్ షాపులో కొన్నాను, మూడోది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పేర్లు రాయడం లేదు. డబ్బా వెనక చదివితే మూడూ అక్కచెల్లెళ్లే. సోయా ప్రొటీనో పాల ప్రొటీనో, మాల్టోడెక్స్‌ట్రిన్ (త్వరగా అరిగిపోయే పిండిపదార్థం), కాస్త పీచు, చిక్కదనానికి ఏదో ఒక గమ్, తీపికి పంచదార లేదా సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి, పైన విటమిన్లు, ఖనిజాలు.

స్టాఫ్‌రూమ్‌లో నన్నడిగే ప్రశ్న ఒకటే. "మామూలు తిండికంటే ఇది ఆరోగ్యమేనా మేడమ్?" మీరు రోజూ తినే మామూలు తిండి ఏమిటో ముందు చెప్పండి అంటాను. చాలామందికి ఆ జవాబు నచ్చదు, అవునో కాదో తేల్చమంటారు. కానీ రెండేళ్లు తాగాక నాకు అర్థమైంది అదే.

నా సంగతే చూడండి. గుంటూరు నుంచి సత్తెనపల్లి రోడ్డులో ఉన్న హైస్కూలుకు ఏడింటికల్లా బస్సెక్కాలి. అత్తయ్య లేచి ఇడ్లీ పెట్టినా తినే తీరిక ఉండదు. ఇంటర్వెల్ దాకా టీతో లాక్కొచ్చి, గేటు ముందు బండి దగ్గర నుంచి పునుగులో సమోసాలో తెప్పించుకోవడం, ఆ నూనె తిండికి దాహమేసి ఇంకో టీ. ఒంటిగంటకు క్యారియర్ విప్పితే అన్నం ఎంత తిన్నానో లెక్కే ఉండదు. ఇదీ నా "మామూలు తిండి". దీనితో పోలిస్తే షేక్ మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఆదివారం పొద్దున మా ఇంట్లో వేసే పెసరట్టుతో పోలిస్తే మాత్రం కాదు. ఎందుకో లెక్క చెబుతాను.

డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో 17 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. ఆ అంకె పక్కన చిన్న చుక్క గుర్తు. డబ్బా వెనక్కి తిప్పి ఆ గుర్తు వెతికితే, చీమ తలకాయంత అక్షరాల్లో "250 మి.లీ. పాలతో కలిపినప్పుడు" అని కనిపిస్తుంది. మొదట నేను కొన్న డబ్బాలో ఒక పూటకు వేసుకోవాల్సిన పొడి 25 గ్రాములు. అందులో ప్రొటీన్ 9 గ్రాములు, పీచు రెండున్నర గ్రాములు, శక్తి 95 కేలరీలు. మిగతా 8 గ్రాముల ప్రొటీన్, 150 దాకా కేలరీలు పాలవి. అంటే పూట భోజనం అని పేరు పెట్టిన దాని కేలరీల్లో సగానికి పైగా మా పాలవాడు పోసినవే. డబ్బా 500 గ్రాములు, ధర రెండు వేలు దాటింది, వచ్చేది 20 పూటలకు. పూటకు 110 రూపాయల దాకా పొడికి, పాల ఖర్చు వేరు.

ఇప్పుడు పెసరట్టు. 60 గ్రాముల పెసలు కొలిచి నానబెడితే మా పెనం మీద రెండు పెసరట్లు వస్తాయి. పొట్టుతో ఉన్న పెసల్లో 100 గ్రాములకు ప్రొటీన్ 22 గ్రాములకు పైగా, పీచు 17 గ్రాముల దాకా ఉంటుంది. అంటే నా రెండు అట్లలో ప్రొటీన్ 13 గ్రాముల పైచిలుకు, పీచు 10 గ్రాములు. స్పూను నూనె కలుపుకున్నా కేలరీలు షేక్ దగ్గరే ఆగుతాయి. ప్రొటీన్ కాస్త తక్కువైందని బాధ ఉంటే పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఆరు గ్రాములు వచ్చేస్తాయి. పీచులో మాత్రం పొడి దీని దరిదాపుల్లోకి రాదు. గుడ్డుతో కలిపినా ఖర్చు 20 రూపాయలు అటూ ఇటూ. హోటల్లో నెయ్యి కారుతూ ఉప్మా దూర్చి ఇచ్చే పెసరట్టు సంగతి నేను మాట్లాడటం లేదు, దాని లెక్క వేరే.

పొడికి న్యాయంగా ఇవ్వాల్సిన మార్కు ఒకటుంది. అందులో బి12, డి విటమిన్లు, ఐరన్ కలిపి ఉంటాయి. పెసరట్టులో బి12 ఉండదు. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లల్లో ఇది చిన్న విషయం కాదు. నాకు బి12 తక్కువ ఉండేది, తర్వాత పరీక్షలో బాగానే వచ్చింది. అయితే అదే సమయంలో డాక్టరు రాసిన మాత్రలు కూడా వేసుకున్నాను కాబట్టి ఆ పుణ్యం డబ్బాకు కట్టబెట్టలేను.

తాగడం ఎలా ఉంటుందంటే, మొదటి వారం బాగుంటుంది. మామిడి, కుల్ఫీ, చాక్లెట్ అని రకరకాల రుచులు. నెల తిరిగేసరికి అన్నిట్లోనూ ఒకటే వెనిల్లా వాసన. షేకర్‌లో ముందు పొడి వేస్తే అడుగున ముద్ద కడుతుంది, పాలు పోసి పైన పొడి వేసి వెంటనే ఊపాలి. షేకర్ కడగకుండా బ్యాగులో పెట్టుకుని సాయంత్రం మూత తీశారా, ఆ కంపు మూడు రోజులు వదలదు. గ్యాస్ సమస్య నాకు రెండో బ్రాండుతో వచ్చింది. అందులో పీచు కోసం ఇనులిన్ ఎక్కువగా వేశారు, అది పేగులో పులిసి గాలి చేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పేవాళ్లకు ఇది ఎంత ఇబ్బందో వివరించక్కర్లేదు. ఇక గ్వార్ గమ్ అని రాసి ఉంటే భయపడకండి, అది మన గోరుచిక్కుడు గింజల పిండే.

అసలు వెలితి నమలకపోవడం. రెండు నిమిషాల్లో తాగేస్తాం, కడుపు బరువుగా ఉంటుంది కానీ తిన్నట్టు ఉండదు. అత్తయ్య రోజూ అడిగేది, "ఏమ్మా, ఆ పిండి పాలతో పన్నెండింటి దాకా ఎట్లా ఉంటావు?" అని. ఆవిడ అనుమానం వట్టిది కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్.ఐ.హెచ్. శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా మార్పుచేర్పులు చేసిన తిండి, రెండు వారాలు ఇంటి వంటలాంటి తిండి పెట్టారు. రెండిట్లోనూ చక్కెర, కొవ్వు, పీచు సమానంగా వడ్డించారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. మరి షేక్ కూడా ఫ్యాక్టరీ సరుకే, దాంతో నేనెలా బరువు తగ్గాను? అక్కడ వాళ్లకు కావలసినంత తినమని వదిలేశారు. నాకు డబ్బాలో కొలత స్పూను ఉంది. రెండు స్పూన్లు వేస్తే పూట అయిపోయింది, మారు వడ్డింపు లేదు.

ఈ పొడి చేసే పని అంతా ఆ కొలతలోనే ఉంది. 78 కిలోల నుంచి 71కి వచ్చాను, అదీ రెండు పూటలు షేక్ తాగిన నెలల్లోనే. యూరప్‌లో ఇలాంటి పొడుల మీద కంపెనీలు ఏం రాసుకోవచ్చో చట్టమే నిర్ణయించింది. కేలరీలు తగ్గించిన ఆహారంలో రోజుకు రెండు పూటల భోజనం బదులు వాడితే బరువు తగ్గడానికి తోడ్పడుతుందని రాసుకోవచ్చు. తగ్గిన బరువు నిలుపుకోవడానికైతే ఒక పూట బదులు. అంతవరకే. మామూలు తిండికంటే ఆరోగ్యకరం అన్న మాట అందులో లేదు. షేక్ మానేశాక నా బరువు 74కి ఎక్కి అక్కడ ఆగింది. రాత్రి అన్నం ఎంత పెట్టుకోవాలో డబ్బా నేర్పలేదు కదా. ఆ మూడు కిలోలు ఇంకా పెరగకుండా ఆపింది రాత్రి కంచం చిన్నది చేయడం, కూర పెంచడం.

రెండు పూటలు తాగిన రోజుల్లో జుట్టు బాగా రాలింది. బరువు వేగంగా తగ్గినప్పుడు రెండు మూడు నెలల తర్వాత ఇలా రాలడం మామూలేనని స్కిన్ డాక్టరు చెప్పారు. పొడిలోని ప్రొటీన్‌తో జుట్టు పెరుగుతుందని సెంటర్‌లో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మావారి సంగతి మాత్రం నవ్వే విషయం కాదు. ఆయనకు షుగర్ ఉంది, పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. నేను తగ్గడం చూసి ఆయనా ఇడ్లీలు మాని షేక్ మొదలుపెట్టారు, మాత్ర మాత్రం ఎప్పటిలాగే. మూడోరోజో నాలుగోరోజో పదకొండింటికి షాపు నుంచి ఫోన్. చేతులు వణుకుతున్నాయి, చొక్కా తడిసిపోయింది. పక్క మెడికల్ షాపు అబ్బాయి మీటర్ పెట్టి చూస్తే షుగర్ 58కి పడిపోయి ఉంది. పంచదార నీళ్లు తాగించాక కాసేపటికి తేరుకున్నారు. మా డాక్టరు గట్టిగానే అన్నారు: "టిఫిన్ తగ్గించినప్పుడు మాత్ర డోసు కూడా చూడాలండీ. నాకు చెప్పకుండా రెండిట్లో ఏదీ మార్చొద్దు."

షేక్‌తో షుగర్ పోతుందని వాట్సాప్‌లో తిరిగే కథకు మూలం ఒకటుంది, అది అబద్ధం కాదు. స్కాట్లాండ్‌లోనూ ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్‌లోనూ డైరెక్ట్ అనే అధ్యయనం చేశారు, మొదటి ఫలితాలు 2017 చివర్లో వచ్చాయి. షుగర్ బయటపడి ఆరేళ్లు మించని, ఇన్సులిన్ వాడని వాళ్లకు మూడు నుంచి ఐదు నెలలు రోజంతా కలిపి 825 నుంచి 853 కేలరీల పొడి ఆహారమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. రెండేళ్లకు అది 36 శాతం. కానీ కథలో వదిలేసేది ఏమిటంటే, అక్కడ షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటిరోజే ఆపేశారు. నర్సులు, డైటీషియన్లు వెంట ఉండి నడిపించారు. తర్వాత మామూలు తిండిని మెల్లమెల్లగా మళ్లీ అలవాటు చేశారు. మా వీధి సెంటర్‌లో వెంట ఉండేది బరువు చూసే మిషను ఒక్కటే.

ఆ సెంటర్ గురించి నాలుగు మాటలు. మొదట ఉచితంగా బరువు చూస్తారు. మిషను మీద చెప్పుల్లేకుండా నిలబడితే ఒంట్లో కొవ్వు ఇంత, మీ శరీరం వయసు 58 అని చీటీ రాసిస్తారు. నాకు అప్పటికి 43. టెన్షన్ పుట్టాక డబ్బా అమ్మడం తేలిక. "అక్కా, థైరాయిడ్ కూడా తగ్గిపోద్ది, మా మేనత్తకి తగ్గింది" అంది ఆ అమ్మాయి. ఆహార పదార్థం జబ్బు నయం చేస్తుందని ప్రకటించుకోవడం మన దేశంలో నిషిద్ధం, గోడమీద పోస్టరు అయినా సరే. మూడో నెల నుంచి డబ్బా కంటే "మీరూ మెంబరుగా చేరి నలుగురిని చేర్చండి, మీ డబ్బా ఫ్రీగా వస్తుంది" అన్న మాటే ఎక్కువైంది. మా టీచర్లందరి నంబర్లు అడిగింది. అక్కడితో బ్రాండు మార్చాను.

మన ఊళ్లకు పొడి తిండి కొత్తేమీ కాదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనెతో చేసిన పొడే. రాగి జావ సంగతి చెప్పక్కర్లేదు. కానీ బాలామృతం పిల్లల తిండికి తోడుగా ఇచ్చేది, ఇంట్లో కూర వండక్కర్లేదని ఎవరూ చెప్పరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చూడండి. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదన్నారు. కండ పెంచుకోవడానికని ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోకుండా పప్పులు, పాలు, గుడ్లు వంటి వాటితోనే ప్రొటీన్ తెచ్చుకోమన్నారు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలన్నది ఇదే సంస్థ లెక్క. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. పప్పు పల్చగా, అన్నం గుట్టగా తినే మన కంచంలో ఈ అంకె అందడం కష్టమే, ఒప్పుకుంటాను. అందుకు మందు పప్పు చిక్కగా వండటం, 110 రూపాయల గ్లాసు కాదు.

ఎవరైనా కొనే ఉద్దేశంలో ఉంటే ముందు అంకెలు "పొడిలో" ఎంతో, "పాలతో" ఎంతో విడివిడిగా చూడండి. పీచు పూటకు ఐదు గ్రాముల లోపు ఉంటే దాన్ని భోజనం అనుకోవద్దు, పక్కన జామకాయో దోసకాయ ముక్కలో పెట్టుకోండి. డబ్బా వెనక పదార్థాల జాబితాలో మొదటి మూడింట్లో పంచదారో మాల్టోడెక్స్‌ట్రినో ఉంటే డబ్బా తిరిగి పెట్టేయండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే. పిల్లలకైతే అక్కర్లేదు.

నా దగ్గర ఇప్పుడు చిన్న డబ్బా ఒకటే ఉంది, మూడోరకం. మామూలు రోజుల్లో ముందురోజు రాత్రి రుబ్బిన పెసరపిండి ఫ్రిజ్‌లో ఉంటుంది, మావారు లేచి అట్లు వేసి బాక్సులో పెడతారు, బస్సులో తింటాను. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ జరిగే రోజుల్లో మాత్రం, పొద్దున్నే బయల్దేరి రోజంతా పేపర్లు దిద్దాలి, అక్కడ క్యాంటీన్‌లో దొరికేది మైదా పూరీ, బజ్జీలు. ఆ రోజులకు రెండు స్పూన్ల పొడి విడిగా పట్టుకెళ్లి, పాలప్యాకెట్ అక్కడ కొనుక్కుంటాను.