జెంటిల్ రిమైండరా, గడువు చెప్పి అడగడమా?

రావాల్సిన ఫైలు రాలేదు. మన ఆఫీసుల్లో చాలామంది వెంటనే కొట్టే మెయిల్ "జెంటిల్ రిమైండర్". మాట మెత్తనే. కానీ ఏం కావాలో, ఎప్పటికి కావాలో అందులో ఉండదు, అవతలివాళ్లు చూసి పక్కన పెట్టేస్తారు. మూడోసారి పంపితే దెప్పినట్టూ ఉంటుంది.

"కుడ్ యూ సెండ్ మీ ద మార్చ్ ఇన్‌వాయిస్ బై 4 పీఎం టుడే? ఐ నీడ్ ఇట్ ఫర్ ద ఆడిట్." ఇది నయం: ఏ కాగితం, ఎప్పటికి, ఎందుకు అన్నీ తెలుస్తాయి. కారణం వదిలేస్తే మాత్రం హుకుంలా వినిపిస్తుంది. పై అధికారిని అడిగేటప్పుడు "వుడ్ ఇట్ బి పాజిబుల్ టు" అని మొదలుపెట్టండి, గడువు తీసేయొద్దు. విదేశీ క్లయింటైతే టైమ్ పక్కన ఐఎస్‌టీ (భారత కాలమానం) అని రాయాలి.

రేపటి మీటింగ్ గుర్తుచేయడానికైతే జెంటిల్ రిమైండరే చాలు.