అంబాసిడర్ స్టీరింగ్ కాలమ్‌కి నైలాన్ బుష్: కడప ఎండలకి ఆగిందా?

మాది 1984 మార్క్ 4 అంబాసిడర్. 1489 సీసీ పెట్రోలు ఇంజను, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండే మోడల్. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ షాఫ్ట్ తిరిగే గొట్టం) పైభాగంలో షాఫ్ట్‌ను కదలకుండా పట్టి ఉంచే బుష్ అనే రింగు అరిగిపోతే లేత్ మీద నైలాన్‌తో కొత్తది తీయించి వేసుకున్నాను. వేసి కొన్నేళ్లయింది కాబట్టి ఇప్పుడు దాని గురించి ధైర్యంగా చెప్పొచ్చు.

అప్పట్లో స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే టకటకమని కొట్టేది. గుంతలో పడితే గేర్ రాడ్ కూడా దాంతో పాటే వణికేది. చూసినవాళ్లలో చాలామంది రాక్ (పక్కలకి జరిగి టైర్లను తిప్పే పళ్ల కడ్డీ) మార్చాల్సిందే అన్నారు. ఒక పాత మెకానిక్ భాయ్ మాత్రం బండి కిందికి కూడా దూరకుండానే తేల్చేశాడు: "అన్నా, తిప్పు. టైరు ఎంబడే కదుల్తాంది కదా? ఇంక రాక్‌కేమైంది?" అంబాసిడర్‌లో ఉండేది రాక్ అండ్ పినియన్, అంటే షాఫ్ట్ కింది చివరున్న చిన్న పళ్ల చక్రం (పినియన్) రాక్‌ను జరుపుతుంది. రాక్ గానీ, దాన్ని టైర్లకి కలిపే కీళ్లు (టై రాడ్ ఎండ్లు) గానీ అరిగితే స్టీరింగ్ కొంత దూరం ఊరికే తిరిగి, ఆ తర్వాతే టైరు కదులుతుంది. తిప్పినప్పుడు బాగానే ఉండి, ఊపితే మాత్రమే చప్పుడొస్తే ముందు అనుమానించాల్సింది బుష్‌నే. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక మంచి రాక్ దొరకడమే కష్టం. దొరికినదాన్ని అనవసరంగా కొనడం ఎందుకు?

విప్పే పని పెద్దదేం కాదు. బ్యాటరీ టెర్మినల్ తీసి, హారన్ వైరు విప్పి, షాఫ్ట్ మీదా స్టీరింగ్ మీదా ఎదురెదురుగా సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టుకోవాలి. ఆ తర్వాత పుల్లర్‌తో (పట్టి లాగే పనిముట్టు) స్టీరింగ్‌ను లాగాలి. సుత్తితో కొట్టి తీసేవాళ్లకి బండి ఇవ్వకండి, ఆ దెబ్బ నేరుగా పినియన్‌కి తగులుతుంది. మా పాత బుష్ పొడిపొడిగా రాలింది. అది ఆనే చోట షాఫ్ట్ మీద గోటికి తగిలేంత గాడి పడింది. అక్కడ వెల్డింగ్ పోసి మళ్లీ టర్నింగ్ చేద్దామని ఒకరన్నారు. స్టీరింగ్ షాఫ్ట్‌కి వెల్డింగ్ అంటే నేను ఒప్పుకోను, వేడికి ఇనుము గుణమే మారిపోతుంది. అందుకని ఎమరీ పేపర్‌తో నునుపు చేయించి, గాడి దాటి రెండు వైపులా ఆనేలా పొడవాటి బుష్ తీయించాను. ఖర్చు చెప్పుకునేంత కాలేదు.

అసలు సంగతి ఎండాకాలంలో బయటపడింది. జనవరిలో వెన్నలా తిరిగిన స్టీరింగ్, మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో బిగుసుకుంది. మలుపు తిరిగాక దానంతటది వెనక్కి రాలేదు. నైలాన్ వేడికి ఇనుము కంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. బయట కాలమ్ గొట్టం పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ పెరుగుదలంతా లోపలికే వచ్చి షాఫ్ట్‌ను పట్టేస్తుంది. బుష్ లోపల రీమర్‌తో (రంధ్రాన్ని సన్నగా గీకి పెద్దది చేసే పనిముట్టు) వెంట్రుకవాసి తీయించాక మళ్లీ ఆ బాధ లేదు. మీరు వేయించుకుంటే మొదటే కాస్త వదులుగా తీయమనండి. చలికాలంలో కొద్దిగా లూజు తెలిసినా నష్టం లేదు.

మా బామ్మర్ది తన బండికి గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) బుష్ వేయించాడు. ఎండకి బిగుసుకోదు, నిజమే. కానీ గ్రీజు ఆరిందంటే కీచుమంటుంది. గ్రీజు ఎక్కువ పెడితే యర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్మంతా దానికి అంటి, ఆ ముద్దే షాఫ్ట్‌ను అరగదీస్తుంది. నైలాన్‌కి నేను పలచగా పూసిన గ్రీజు తప్ప ఏమీ పెట్టలేదు. నా ఓటు దీనికే.

రాయచోటి వెళ్లినప్పుడల్లా గువ్వలచెరువు ఘాట్‌లో దీన్ని గమనిస్తుంటాను. లారీల వెనక నిదానంగా పోతూ మలుపు మీద మలుపు తిప్పుతుంటే స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉంటుంది. గువ్వలచెరువులో కోవా కొనడానికి ఆగినప్పుడు ఇదివరకు మణికట్టు నొప్పి ఉండేది, ఇప్పుడు లేదు. పదిహేనేళ్లు దాటిన బండి కదా, అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ తప్పదు. ఈసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ స్టీరింగ్ పట్టుకుని ఊపి చూసి, ఏమీ అనకుండా బ్రేకుల వైపు వెళ్లిపోయాడు.

ఒకటి మాత్రం ఆశించొద్దు. గేర్ రాడ్ వణుకు తగ్గింది గానీ గేర్లు పడేటప్పుడు ఉండే లూజు అలాగే ఉంది. దాని బుష్‌లు వేరు, కింద లింకేజీలో ఉంటాయి. వాటికి కూడా నైలానే వేయిద్దామనుకుంటున్నా. ఇంజను వేడి దగ్గర అది ఎంతవరకు ఆగుతుందో భాయ్‌ని అడగాలి.