"ఇంత దుడ్డు యాడిదమ్మా నీకు?" అని కౌంటర్‌లో అడిగితే ఊరుకోకండి

తిరుపతి, చిత్తూరు బ్యాంకుల్లో ఖాతా ఉన్న ఆడవాళ్లందరికీ జాగ్రత్త. పాల డబ్బైనా, డ్వాక్రా పొదుపైనా, నగ అమ్మిన సొమ్మైనా, పెద్ద మొత్తం తీసేటప్పుడు కొన్ని కౌంటర్లలో వినబడే మాటలివి: "ఇంత దుడ్డు యాడిదమ్మా నీకు?", "మీ ఇంటాయనకు తెలుసా?", "మూడు లక్షలా! ఏం చేసుకుంటావు?" వెనకాల క్యూలో పదిమంది ఉంటారు. మొత్తం ఎంతో అందరి చెవినా పడుతుంది. పరువు సంగతి అటుంచితే, ఆ డబ్బు సంచిలో పెట్టుకుని బస్టాండుకి నడవాల్సింది ఆమే.

పెద్ద నగదు జమ చేస్తే పాన్ అడగడం, డబ్బు ఎలా వచ్చిందని కేవైసీ కోసం అడగడం సబబే. అదైనా మెల్లగా అడగాలి. మొగుడు ఒప్పుకున్నాడా అన్న ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో డబ్బు తీయడానికి, ఎఫ్‌డీ మూయడానికి ఆయన సంతకం అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2014లో ఇచ్చిన ఖాతాదారుల హక్కుల పత్రంలో స్త్రీ పురుష వివక్ష కూడదనీ, ఖాతా వివరాలు గోప్యంగా ఉంచాలనీ స్పష్టంగా ఉంది.

ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది రాత దగ్గరే. "దురుసుగా మాట్లాడారు" అని రాస్తే ఒక క్షమాపణ లేఖతో ఫైలు మూసేస్తారు. అన్న మాట అన్నట్టే కొటేషన్లలో రాయండి. తేదీ, సమయం, కౌంటర్ నంబరు, ఉద్యోగి పేరుపలక మీది పేరు చేర్చండి. టోకెన్ చీటీ పారేయొద్దు, దాని మీద సమయం ఉంటుంది. ఆ తర్వాత సేవలో జరిగిన లోపం విడిగా రాయండి: మొత్తం బయటికి చెప్పారు, అక్కర్లేని సంతకం అడిగారు, అరగంట ఆపారు. బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అధికారి, అంటే అంబుడ్స్‌మన్, చూసేది సేవాలోపాన్నే, అందుకే ఈ భాగం ముఖ్యం. సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని అదే కాగితంలో కోరండి, ఆలస్యమైతే చెరిగిపోతుంది. కెమెరాలో మాట వినబడకపోవచ్చు గానీ, మీరు ఎంతసేపు నిలబడ్డారో కనబడుతుంది.

బ్రాంచిలో ఫిర్యాదు పుస్తకం అడగండి. చింపి ఇచ్చే నకలు ఉంటుంది, ముద్ర వేయించుకోండి. "మేనేజరు లేరు, రేపు రామ్మా" అంటే గోడమీది బోర్డులో పేరున్న, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి అదే రోజు మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. దారి తెలియకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేయండి, తెలుగులో చెబుతారు.

మాట డబ్బు దాటి ఒంటి మీదికో, లైంగిక అర్థంలోకో పోతే అది వేరే లెక్క. పని ప్రదేశాల్లో ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపే 2013 నాటి చట్టం కింద ఖాతాదారు కూడా బ్యాంకు అంతర్గత కమిటీకి రాయొచ్చు, మామూలుగా గడువు మూడు నెలలు. భారతీయ న్యాయ సంహిత 75, 79 సెక్షన్ల కింద పోలీసులకూ చెప్పొచ్చు.

ఆ రోజు డబ్బు చేతికి వచ్చాక మాత్రం కౌంటర్ దగ్గర లెక్కపెట్టొద్దు. లోపలి గది అడిగి, అక్కడ లెక్క చూసుకుని బయటికి రండి.