జావా వర్చువల్ థ్రెడ్లు: ఇష్టం తగ్గలేదు, షరతులే పెరిగాయి

రియాక్టివ్ కోడ్ (జవాబు వచ్చాక ఏం చేయాలో ముక్కలు ముక్కలుగా ముందే రాసిపెట్టే పద్ధతి) పీడ విరగడైంది. జావా 21తో వచ్చిన వర్చువల్ థ్రెడ్ల (ఒక్కో పనిని నడిపే, జావాయే చూసుకునే తేలికపాటి థ్రెడ్ల) గురించి ఒక్క మాటే చెప్పమంటే ఇదే చెబుతాను. వీటితో థ్రెడ్ల లెక్క ఇక మరచిపోవచ్చని మొదట్లో ఊరంతా చెప్పాను కూడా. ఒక ఆర్డరు వివరాల కోసం నాలుగు సర్వీసులను అడిగే చోట ఇదివరకు కాల్‌బ్యాక్‌ల గొలుసు ఉండేది. ఎర్రర్ వస్తే స్టాక్ ట్రేస్‌లో (అది ఎక్కడ పుట్టిందో చూపే జాబితాలో) మా కోడ్ తప్ప మిగతావన్నీ కనిపించేవి. ఇప్పుడు పై నుంచి కిందికి చదువుకుంటూ పోతే చాలు, జరిగేది అర్థమవుతుంది. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3.2 నుంచి దీనికి ఒక్క వరుస సెట్టింగు సరిపోతుంది.

ఆ సుఖం మధ్యలో, రద్దీ బాగా ఉన్న ఒక సాయంత్రం, సర్వీసు బిగుసుకుపోయింది. సీపీయూ వాడకం దాదాపు సున్నా, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. సర్వీసు బతికే ఉందా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్‌కు జవాబిచ్చేదీ వర్చువల్ థ్రెడ్డే కనుక అదీ మూగబోయింది. సర్వీసులను కంటెయినర్లలో నడిపించే కుబెర్నెటిస్ తన ధర్మం ప్రకారం కంటెయినర్‌ను చంపి మళ్లీ లేపింది, రద్దీ తగలగానే అదీ పడుకుంది. థ్రెడ్లు ఏం చేస్తున్నాయో చూపే జెస్టాక్‌లో అంతా ప్రశాంతం, ఎందుకంటే అది వర్చువల్ థ్రెడ్లను చూపించదు. జావాతోనే వచ్చే మరో పనిముట్టు జెసీఎండీతో థ్రెడ్ డంప్‌ను ఫైలులోకి రాయించాక గానీ సంగతి బయటపడలేదు.

వర్చువల్ థ్రెడ్డు నడవాలంటే కింద ఒక అసలైన ఓఎస్ థ్రెడ్డు ఉండాలి. దాన్ని క్యారియర్ అంటారు. మామూలుగా సీపీయూలు ఎన్నో క్యారియర్లూ అన్నే. మా కంటెయినర్‌కు దక్కింది రెండు. ఆగాల్సి వచ్చినప్పుడు వర్చువల్ థ్రెడ్డు క్యారియర్‌ను వదిలి దిగాలి, కానీ జావా 21లో సింక్రనైజ్డ్ (ఒకసారికి ఒక్క థ్రెడ్డునే రానిచ్చే లాక్) దగ్గర ఆగితే దిగే వీలు లేదు, దీన్నే పిన్నింగ్ అంటారు. మేము వాడే ఒక పాత లైబ్రరీలో అలాంటి బ్లాకు ఉంది. లోపల ఒక థ్రెడ్డు డేటాబేస్ కనెక్షన్ కోసం చూస్తోంది, బయట మరొకటి ఆ లాక్ కోసం చూస్తోంది. క్యారియర్లు రెండూ అయిపోయాయి. కనెక్షన్లు చేతిలో ఉన్న థ్రెడ్లకు డేటాబేస్ జవాబు వచ్చేసింది, కానీ వాటిని తిరిగి ఇచ్చేందుకు ఎక్కడానికి క్యారియర్ ఏదీ?

ఆ లైబ్రరీని తీసేసి గండం గట్టెక్కాం. 2025 మార్చిలో వచ్చిన జావా 24 సింక్రనైజ్డ్ చిక్కును మూలంలోనే తీసేసింది. మేము మాత్రం అదే ఏడాది సెప్టెంబరులో దీర్ఘకాల మద్దతుతో వచ్చిన 25 దాకా ఆగి మారాం. ఆ జబ్బు మళ్లీ కనిపించలేదు.

అయితే థ్రెడ్ల లెక్క ఇక మరచిపోవచ్చని నేను ఊరంతా చెప్పిన మాటకు ఒక సవరణ ఉంది. వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో మామూలుగా ఉండే 200 థ్రెడ్ల హద్దు తెలియకుండానే గేటులా పనిచేసేది. అది పోయాక జనమంతా పది డేటాబేస్ కనెక్షన్ల పూల్ మీద పడ్డారు. ఒకేసారి ఇన్నే అని హద్దు గీసే సెమఫోర్ పెట్టి కొత్త గేటు మేమే కట్టుకున్నాం. నాలుగు సర్వీసులను ఒకేసారి అడగాలంటే కోడ్ నేను మొదట మురిసిపోయినంత తిన్నగానూ లేదు, అందుకు పనికొచ్చే స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ 25లో ఇంకా ఖరారు కాక ప్రివ్యూలోనే ఉంది.

మా సర్వీసు ఎక్కువసేపు ఇతరుల జవాబు కోసమే కాచుకుని ఉంటుంది కనుక మాకు గిట్టుబాటైంది. బొమ్మలు కుదించడం, లెక్కలు కట్టడం లాంటి పనులకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. కంపెనీ 21 దాటనివ్వకపోతే, పైగా రాత్రి కాల్స్ మీకే వస్తాయనుకుంటే, స్ప్రింగ్ బూట్‌లోని ఆ ఒక్క వరుస సెట్టింగును ఇప్పుడే తాకకండి. తాకక తప్పదంటే ముందు గట్టి లోడ్ టెస్ట్ పెట్టి, జావా సొంత రికార్డర్ జేఎఫ్ఆర్‌లో పిన్నింగ్ ఈవెంట్లు వస్తున్నాయేమో చూడండి.