ఇంటి ముందు ఏ తీగ మేలు: సన్నజాజా, రాధామనోహరమా, ఆకుసంపెంగా?

ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, పొద్దు వాలేసరికి వాసన గుప్పుమనాలి. ఇంటి ముందు తీగ వేసుకోవాలనుకునే వాళ్లు చాలామంది అడిగేది ఇదే. నర్సరీలో ఏ తీగ చూపించినా రెండూ ఇస్తుందనే చెబుతారు. నిజానికి వాసన బాగా ఇచ్చే సన్నజాజి చలికాలంలో పలచబడుతుంది. ఆకు ఎప్పుడూ రాల్చని ఆకుసంపెంగ పువ్వు కోసం కొన్నేళ్లు ఆగమంటుంది. రాధామనోహరం త్వరగా కమ్ముకుని రెండు కోరికలూ చాలావరకు తీరుస్తుంది గానీ, దాన్ని అదుపులో పెట్టడం ఏటా ఉండే పని. కాబట్టి ముందుగా చూసుకోవాల్సింది పువ్వును కాదు. ఆ గోడ మీద ఎన్ని గంటల ఎండ పడుతుంది, తీగ బరువు దేని మీద ఉంటుంది, ఏడాదికోసారి కత్తెర పట్టేదెవరు అన్నవి తేల్చుకోవాలి.

గేటు మీద నాలుగైదు అడుగుల వెడల్పున్న కమానుకు సన్నజాజిని మించింది లేదు. కొమ్మ సన్నం, బరువు తక్కువ. ఇంచు జీఐ పైపుతో (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప గొట్టం) చేసిన కమాను సరిపోతుంది. సాయంత్రం విచ్చబోయే మొగ్గలు కోసి మాల కట్టుకోవచ్చు, దేవుడికి పెట్టుకోవచ్చు. మిగతా రెండు తీగలూ ఇంత సులువుగా మాలకు ఒదగవు. గోడకు రెండడుగుల దూరంలో, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతున్న గుంత తీసి, ఎర్రమట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నాటాలి. నీరు నిలిచే నల్లరేగడి అయితే ఇసుక కలిపి, మొక్క మొదలు నేల కంటే అరడుగు ఎత్తులో ఉండేలా బోదె కట్టాలి. లేదంటే వేరు కుళ్లుతుంది. రోజుకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి. అంతకు తగ్గితే తీగ సాగుతుంది గానీ మొగ్గ వేయదు.

సన్నజాజి పూయడం మానేసిందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం కత్తిరించకపోవడమే. పువ్వు కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. డిసెంబరు చివర్లో నీళ్లు పది, పదిహేను రోజులు తగ్గించి, జనవరిలో ముఖ్యమైన తీగలు ఉంచుకుని పక్క కొమ్మలన్నీ రెండు మూడు కణుపులకు కోసేయాలి. ఎండుపుల్లలు, లోపల ముసురుకున్నవి పూర్తిగా తీసేయాలి. ఆ వెంటనే ఎరువు వేసి నీళ్లు పెడితే వేసవికల్లా పందిరి నిండుతుంది. కత్తిరించిన తర్వాత కొన్ని వారాలు కమాను బోసిగా ఉంటుంది. అది భరించలేని వాళ్లు సన్నజాజి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

దీనికి తెగుళ్ల బెడద కూడా ఎక్కువే. లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుము అందడం లేదన్నమాట. సున్నపు నేలల్లో, బోరు నీళ్లు పెట్టే ఇళ్లలో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేటు, చిటికెడు నిమ్మఉప్పు కలిపి వారం పది రోజులకోసారి రెండు మూడు సార్లు ఆకు తడిసేలా పిచికారీ చేయాలి. ఆకు మీద, మొగ్గ మీద తెల్లటి నూగు దట్టంగా పెరిగితే అది బూజు కాదు, నల్లి అనే అతి చిన్న పురుగు పని. అలాంటి కొమ్మలు తుంచేసి, నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు కలిపి చల్లపూట కొట్టాలి. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

డాబా మీద పెద్ద పందిరి వేయాలన్నా, మొదటి అంతస్తు దాకా గోడను కప్పాలన్నా రాధామనోహరం వేయండి. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాడు గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరిగే గుత్తులు ఒకేసారి మూడు రంగుల్లో వేలాడతాయి. రాత్రిపూట పొడుగు నాలుక ఉన్న చిమ్మటలు తేనె కోసం వస్తాయి, వాసన అప్పుడే గాఢంగా ఉంటుంది. పడకగది కిటికీ పక్కన దీన్ని వేయమనేది అందుకే.

కానీ ఆధారం దగ్గర పొదుపు పనికిరాదు. ప్లాస్టిక్ జాలీ, వెదురు కర్రలు రెండు మూడేళ్లకే వంగిపోతాయి. రెండించుల జీఐ పైపులను రెండడుగుల లోతున కాంక్రీటులో నిలబెట్టి, పైన 10 గేజ్ ఇనుప వైరు అడుగు ఎడంలో లాగాలి. గోడకూ తీగకూ మధ్య అరడుగు ఖాళీ ఉంచితే గాలి ఆడుతుంది, గోడకు చెమ్మ పట్టదు. కోస్తా జిల్లాల్లో తుఫాన్ల కాలం రాకముందే, సెప్టెంబరు ఆఖరుకు, దట్టమైన గుబురును పలచన చేయాలి. గాలికి అది తెరచాపలా నిండి పందిరినే పెకలిస్తుంది. ఆకు రాలిన చోట కాడ మొదలు ముల్లులా గట్టిపడి ఉండిపోతుంది కనుక చేతులకు తొడుగులు వేసుకుని కత్తిరించాలి. దూరం దూరంగా లేచే పిలకలను కనబడినప్పుడే వేరుతో సహా తీసేయాలి. సెప్టిక్ ట్యాంకుకు, డ్రైనేజీ పైపుకు దగ్గరగా నాటవద్దు.

ఇంటి పక్క సందులో, మామిడి చెట్టు కింద, రోజుకు రెండు మూడు గంటల ఎండే పడే చోట ఆ రెండూ దండగ. అక్కడ ఆకుసంపెంగ. మనోరంజితమనీ అంటారు. ముదురాకుపచ్చ ఆకు ఏ కాలంలోనూ పలచబడదు. పువ్వు ఆకు రంగులోనే ఉండి పసుపుకు తిరిగాక పండిన పళ్ల వాసన వేస్తుంది. పువ్వు ఎక్కడుందో వెతికితే గానీ కనబడదు. పూకాడ కొక్కెంలా వంగి దేన్నైనా పట్టుకుంటుంది కాబట్టి తాళ్లు కట్టే పని తక్కువ. మొదట్లో పెరుగుదల నిదానం, గింజ మొక్కయితే మరీ ఆలస్యం. నేలంటు కట్టిన మొక్కే (కొమ్మను మట్టిలోకి వంచి వేళ్లు పట్టించి వేరు చేసినది) అడిగి తెచ్చుకోండి.

మాధవీలత అందమైనదే, ఫిబ్రవరి, మార్చిలో దాని వాసనకు సాటి లేదు. అయితే కాండం చెట్టంత లావెక్కుతుంది. 200 గజాల ఇంట్లో వద్దు. అమెరికాలో టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఉండే మనవాళ్లకు మాత్రం ఈ లెక్క మారుతుంది. మంచు పడే చోట మన తీగలు ఆరుబయట నిలవవు. అక్కడి నర్సరీల్లో దొరికే స్టార్ జాస్మిన్ అనే తీగే సరైనది. ఏడాదంతా ఆకు, వసంతంలో పువ్వు.

వాసనకు పాములు వస్తాయన్న భయంతో కొందరు ఏ తీగా వేయరు. వాసనకు పాము రాదు. తీగ మొదలు దగ్గర పేరుకున్న ఆకుచెత్తలో ఎలుకలు, కప్పలు చేరితే వాటి కోసం వస్తుంది. ఏ తీగయినా నేల నుంచి అడుగున్నర వరకు కొమ్మలు తీసేసి, మొదలు చుట్టూ వారానికోసారి ఊడ్చండి.

కడియం నర్సరీల నుంచి తెచ్చినా, ఊళ్లోకి వచ్చే బండి మీద కొన్నా పూత ఉన్న మొక్కనే ఎంచుకోండి. ఎందుకంటే జాజి, విరజాజి, మాలతి పేర్లు అమ్మేవాళ్ల నోట ఒకదానికొకటి మారిపోతుంటాయి. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క పక్కన పెట్టేయండి. నాటడానికి మొదటి రెండు మూడు వానలు పడ్డాక, జూన్ చివర గానీ జూలైలో గానీ అదను.